పీవీఏలో వెండి నానోకణాల ఫిల్మ్: పీక్ 448 దగ్గర, వెడల్పుగా, పైగా అలలు. తప్పు తయారీదా, కొలతదా?

లేతపసుపు:

నమస్కారమండి. పీవీఏ (పాలివినైల్ ఆల్కహాల్) ఫిల్మ్ లోపలే వెండి నానోకణాలు పుట్టించాలని చూస్తున్నాం. శోషణ స్పెక్ట్రమ్ (ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫ్) ఎంతకీ దారికి రావట్లేదు. చేసిన విధానం ఇదీ.

98 శాతం పైన హైడ్రాలిసిస్ అయిన పీవీఏ 5 గ్రాములు, 90 మి.లీ. నీళ్లలో, 90 డిగ్రీల దగ్గర రెండు గంటలు తిప్పుతూ కరిగించాం. ఆ వేడి మీదే 0.1 గ్రాము సిల్వర్ నైట్రేట్‌ను 10 మి.లీ. నీళ్లలో కలిపి ఒక్కసారిగా పోశాం. ఐదు నిమిషాలకే గిన్నెలో లేత గోధుమ రంగు తిరిగింది. గాజు పలక మీద 400 మైక్రాన్ల ఎడం పెట్టి బ్లేడుతో పూత లాగి, రాత్రంతా ఆరబెట్టి, ఒలిచి, చట్రానికి బిగించి 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాం.

వచ్చిన ఫలితం: పీక్ 448 నానోమీటర్ల దగ్గర, అబ్జార్బెన్స్ (1 అంటే పదో వంతు కాంతే దాటినట్టు) 1.3, సగం ఎత్తు దగ్గర వెడల్పు 140. 560 దగ్గర ఒక షోల్డర్ (పీక్ పక్కన భుజంలాంటి ఉబ్బు). 600 దాటాక చిన్న చిన్న అలలు, 684 దగ్గర ఒక శిఖరం, పక్కది 705 దగ్గర. 800 దగ్గర కూడా అబ్జార్బెన్స్ 0.3 కంటే దిగట్లేదు. ఫిల్మ్ పసుపు కాదు, టీ డికాక్షన్ రంగు. స్పెక్ట్రోమీటర్‌లో రిఫరెన్స్ (పోల్చి చూసే) వైపు ఏమీ పెట్టలేదు, గాలే.

ఆశించింది 410–420 దగ్గర సన్నటి పీక్. అలలు రెండో రకం కణాల వల్లా? ముందు ఏం సరిచేయాలి?

సగంఅద్దం:

ముందు అలల సంగతి తేల్చేద్దాం. వాటికీ కణాలకీ సంబంధం లేదు. ఒలిచిన ఫిల్మ్‌కి రెండు వైపులా గాలే కాబట్టి రెండు ముఖాల మీదా నాలుగు శాతం చొప్పున కాంతి వెనక్కి తిరుగుతుంది. ఆ రెండూ కలిసి వ్యతికరణం చెందితే వచ్చేవే మీ అలలు. దీని వల్ల మీకొక లాభం కూడా ఉంది, ఫిల్మ్ మందం ఉచితంగా తెలుస్తుంది: పక్కపక్క శిఖరాల తరంగదైర్ఘ్యాలను గుణించి, వాటి తేడాకు రెండింతల వక్రీభవన గుణకం కట్టి భాగించాలి. 684ను 705తో గుణించి, 2 × 1.5 × 21తో భాగిస్తే దాదాపు 7,650 నానోమీటర్లు, అంటే 7.65 మైక్రాన్లు. 400 ఎడం బ్లేడు వదిలే తడి పూత ఇంచుమించు దానిలో సగం ఉంటుంది. 5 శాతం ద్రావణం ఆరితే ఎనిమిది మైక్రాన్ల లోపే మిగలాలి. కాబట్టి లెక్క సరిపోయింది.

అలలు 600 కింద కనిపించకపోవడం కూడా సహజమే. అల పుట్టాలంటే కాంతి ఫిల్మ్‌లో ఇంకోసారి వెళ్లి రావాలి. అబ్జార్బెన్స్ 1 ఉన్నచోట ఆ రాకపోకలకే అది వందో వంతుకు పడిపోతుంది.

వెండి లేని ఖాళీ పీవీఏ ఫిల్మ్‌ను రిఫరెన్స్‌లో పెట్టి అలలను కొట్టేద్దామని మాత్రం చూడకండి. రెండు ఫిల్ముల మందం వంద నానోమీటర్లు తేడా వచ్చినా అలలు రద్దవవు, రెండు వరసలు కలిసి ఇంకా గజిబిజి అవుతాయి. పనిచేసే దారులు రెండు:

ఒకటి, మైక్రోస్కోపు ఇమ్మర్షన్ ఆయిల్, గుణకం 1.515. ఫిల్మ్‌ను రెండు స్లైడ్ల మధ్య ఈ నూనెతో, బుడగల్లేకుండా నొక్కండి. పీవీఏ, నూనె, గాజు మూడింటి గుణకం దాదాపు ఒకటే కాబట్టి లోపలి ముఖాలు కాంతికి కనిపించవు. బేస్‌లైన్ కూడా నూనె పెట్టిన రెండు స్లైడ్లతోనే తీయాలి, ఎందుకంటే 400 కింద నూనె కొంత పీల్చుకుంటుంది. గ్లిజరిన్ వాడొద్దు, అది పీవీఏలోకి దిగి ఉబ్బిస్తుంది.

రెండోది, పోలరైజర్ ఉంటే ఫిల్మ్‌ను 56 డిగ్రీలు వంచి, పతన తలంలో కంపించే కాంతితో కొలవడం. అది బ్రూస్టర్ కోణం, అక్కడ పరావర్తనమే ఉండదు. కాకపోతే కాంతి ఫిల్మ్‌లో ఏటవాలుగా వెళ్తుంది కాబట్టి వచ్చిన అబ్జార్బెన్స్‌ను 1.2తో భాగించాలి.

ఇక 800 దగ్గరి 0.3. రెండు ముఖాల పరావర్తనం కలిపినా 0.04 దాటదు. మిగతాది పరిక్షేపణం అయి ఉండాలి. పరీక్ష తేలిక: ఫిల్మ్‌ను మొదట డిటెక్టర్‌కు దూరంగా, తర్వాత డిటెక్టర్ కిటికీకి ఆనించి, రెండుసార్లు స్పెక్ట్రమ్ తీయండి. నిజమైన శోషణ అయితే రెండూ ఒకేలా ఉంటాయి. ఆనించినప్పుడు తగ్గితే, తగ్గినంతా పక్కలకు చెదిరి డిటెక్టర్‌కు అందకుండా పోతున్న కాంతి. ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (చెదిరిన కాంతినీ పోగుచేసే గోళం) దొరికితే ఇంకా మంచిది.

పటికబెల్లం:

సగంఅద్దం గారు కొలత చెప్పారు, నేను గిన్నె సంగతి చెప్తాను. అసలు తప్పు అక్కడే జరిగింది.

90 డిగ్రీల పీవీఏలో సిల్వర్ నైట్రేట్‌ను ఒక్కసారిగా పోశారు. ఆ వేడికి పీవీఏ హైడ్రాక్సిల్ గుంపులే వెండి అయాన్లను క్షయకరణం చేయడం మొదలుపెడతాయి. ధార పడ్డచోట గాఢత ఎక్కువ, అక్కడ కణాలు ముందే పుట్టి పెద్దవవుతాయి. గిన్నెలో రంగు తిరిగిందంటేనే ఆట అయిపోయిందని అర్థం. తర్వాత ఓవెన్‌లో కొత్తగా పుట్టేవి చిన్నవి, ముందు పుట్టినవి పెద్దవి. రెండు తరాలు ఒకే ఫిల్మ్‌లో ఉంటే పీక్ సన్నగా ఎలా వస్తుంది?

సరైన వరస: పీవీఏ పూర్తిగా కరిగాక గది వేడికి చల్లార్చి, 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టండి. చిక్కగా ఉంటే వడకట్టడం విసుగే, అయినా చేయాలి, కరగని పీవీఏ ఉండల చుట్టూ వెండి పేరుకుంటుంది. తర్వాత మసక వెలుతురులో సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని చుక్కచుక్కగా, జోరుగా తిప్పుతూ, పది నిమిషాలు తీసుకుని కలపండి. ఈ దశలో ద్రావణం నీళ్లలా తేటగా ఉండాలి. లేత గోధుమ వచ్చినా పారబోయడమే.

నీళ్లు డీఅయనైజ్డ్ అయి తీరాలి. గాజు సామాను ఆఖరి కడుగు కూడా వాటితోనే. క్లోరైడ్ రవ్వంత ఉన్నా సిల్వర్ క్లోరైడ్ కూర్చుంటుంది. అనుమానం ఉంటే ఒక గాజు గొట్టంలో ఆ నీళ్లు పోసి సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేసి, చీకట్లో పక్కనుంచి టార్చి కొట్టండి. కాంతి దారి తెల్లగా, పాల పొగలా కనిపిస్తే ఆ నీళ్లు పనికిరావు.

ఆరబెట్టేటప్పుడు పలక మట్టంగా ఉందో లేదో చూసుకోండి. 40 డిగ్రీల దగ్గర, మూత కింద, గాలి విసురు లేకుండా. త్వరగా ఆరిస్తే పైన తోలు కడుతుంది, అంచుల దగ్గర ఉప్పు పేరుకుని, చివరికి ఫిల్మ్ నడిమ పసుపు, చుట్టూ గోధుమ పట్టీ.

ఇక 150 డిగ్రీలు. పీవీఏ గాజు దశ మారే ఉష్ణోగ్రత 85 డిగ్రీల దగ్గర. అది దాటాక గొలుసులు కదులుతాయి, వెండి కూడా కదులుతుంది. 150 దగ్గర పని త్వరగానే అవుతుంది గానీ పుట్టిన కణాలు ఆగకుండా పెరుగుతూ పోతాయి. పైగా క్షయకరణంలో నైట్రిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఆమ్లం, వేడి కలిస్తే పీవీఏ నీటిని పోగొట్టుకుని జంట బంధాల వరసలు కడుతుంది, అది కూడా పసుపు రంగే. అతినీలలోహితం నుంచి 400 దాకా శోషణ పెరుగుతుంది. దాన్ని వెండి ఖాతాలో రాసుకుంటే మోసపోతాం.

నా మాట: 110 డిగ్రీల దగ్గర 20 నిమిషాల చొప్పున వేడిచేయండి. ప్రతి 20 నిమిషాలకు తీసి, అదే చోట అదే ముఖంతో స్పెక్ట్రమ్ తీయండి. పీక్ ఎత్తు పెరగడం ఆగి, 550 దగ్గర తోక లేవడం మొదలైతే అక్కడే ఆపేయాలి.

లేతపసుపు:

ఇద్దరికీ ధన్యవాదాలు. పాత ఫిల్మ్ మీదే రెండు పరీక్షలూ చేశాం. నూనెలో పెడితే అలలు పూర్తిగా పోయాయి. పీక్ మాత్రం 448లోనే ఉంది. డిటెక్టర్‌కు ఆనిస్తే 800 దగ్గర 0.3 కాస్తా 0.14కు దిగింది, 560 షోల్డర్ కొంచెమే తగ్గింది.

ఇంకో రెండు ప్రశ్నలు. అబ్జార్బెన్స్ 1.3 అంటే వెండి అంతా క్షయకరణం అయినట్టా, కానట్టా? పీక్ జరగడానికి వెండి ఎక్కువవడమే కారణమని మాక్స్‌వెల్ గార్నెట్ సూత్రంతో (కణాలూ ఆధారమూ కలిసిన మిశ్రమాన్ని ఒకే పదార్థంగా లెక్కకట్టేది) వివరించవచ్చా? నిజానికి మాకు చివరికి 550 దగ్గర శోషించే ఫిల్మ్ కావాలి. వెండి పెంచుకుంటూ పోతే అక్కడికి చేరతామా?

ఎప్సిలాన్:

చేరరు. ఎందుకో అంకెల్లో చూద్దాం.

ముందు ఫిల్మ్‌లో వెండి ఎంతుందో. సిల్వర్ నైట్రేట్ బరువులో వెండి 63.5 శాతం, అంటే 0.1 గ్రాములో 0.0635 గ్రాము. సాంద్రత 10.49తో భాగిస్తే 0.00605 ఘన సెం.మీ. పీవీఏ 5 గ్రాములను 1.27తో భాగిస్తే 3.94. ఘనపరిమాణ భాగం 0.15 శాతం. బరువులో రెండు శాతం ఉప్పు వేశామనుకుంటాం గానీ, ఘనపరిమాణంలో ఇంతే.

చిన్న గోళానికి అనునాదం ఎప్పుడంటే, లోహం ఎప్సిలాన్ (పర్మిటివిటీ, అంటే వక్రీభవన గుణకపు వర్గం) వాస్తవ భాగం, చుట్టూ ఉన్న పదార్థపు ఎప్సిలాన్‌కు మైనస్ రెండు రెట్లు అయినప్పుడు. పీవీఏ గుణకం 1.52, ఎప్సిలాన్ 2.31. కాబట్టి వెండి మైనస్ 4.62 చేరాలి. లోహాల కాంతి గుణకాలు కొలిచిన జాన్సన్, క్రిస్టీల 1972 పట్టికలో అది 403 నానోమీటర్ల దగ్గర. పరిమాణం, ఆకారాల్లో సహజంగా ఉండే తేడాలు కలిస్తే 410–420 చూడడం మామూలే. ద్రావణంలో కొలిచిన పీక్ ఫిల్మ్ ఎండాక దాదాపు 20 నానోమీటర్లు ఎరుపు వైపు జరిగితే కంగారు పడొద్దు. నీటి ఎప్సిలాన్ 1.77 నుంచి 2.31కి మారింది, అంతే.

మాక్స్‌వెల్ గార్నెట్‌లో వెండి భాగాన్ని ఎఫ్ అంటే, ఆ మైనస్ రెండుకు బదులు మైనస్ (2 + ఎఫ్) బై (1 – ఎఫ్) వస్తుంది. ఎఫ్ 0.0015 అయితే తేడా ఒక నానోమీటరు కూడా రాదు. ఎఫ్ 0.1కి 417, 0.2కి 435, 0.3కి 460. మీ పీక్ 448లో ఉండాలంటే ఫిల్మ్‌లో నాలుగో వంతు వెండే ఉండాలి. లేదు. కాబట్టి సగటు గాఢత కారణం కాదు. స్థానికంగా కణాలు గుంపు కట్టి ఒకదానికొకటి తగులుకున్నాయి, లేదా 50 నానోమీటర్లు దాటిన పెద్ద కణాలున్నాయి. ఆనించినప్పుడు 0.3 నుంచి 0.14కు దిగిందన్నారు, అది పెద్దవాటి గుర్తు. షోల్డర్ పెద్దగా తగ్గలేదన్నారు, అది గుంపుల శోషణ. రెండూ ఉన్నాయి. పటికబెల్లం గారు చెప్పిన రెండు తరాల కథకు ఇది సరిపోతుంది.

ఇక క్షయకరణం అయిందా లేదా. వ్యాసార్ధం 5 నానోమీటర్ల గోళాలు విడివిడిగా ఉన్నాయనుకుందాం. అంత చిన్న కణంలో ఎలక్ట్రాన్లు గోడలకు తగిలి త్వరగా చల్లబడతాయి. అదనపు అవమందనం అంటే ఫెర్మీ వేగం (వెండికి సెకనుకు 1.39 మిలియన్ మీటర్లు) బై వ్యాసార్ధం, శక్తిలో 0.18 ఎలక్ట్రాన్ వోల్టులు. దీనితో ఎప్సిలాన్ కల్పిత భాగం పట్టికలోని 0.2 నుంచి 0.7 పైకి వెళ్తుంది. అప్పుడు మీ గాఢతకు మైక్రాన్‌కు 0.45 అబ్జార్బెన్స్, వెడల్పు 26 నానోమీటర్లు రావాలి. 7.65 మైక్రాన్లకు 3.4.

మీకు 1.3 మాత్రమే వచ్చింది కదా అని మూడో వంతు వెండే ఏర్పడిందనుకోకండి. ఎత్తు కాదు, వైశాల్యం చూడాలి. లెక్కలో లోరెంజ్ ఆకారానికి 3.4 × 26 × 1.57, అంటే దాదాపు 140. మీ కొలతలో బేస్‌లైన్ 0.3 తీసేస్తే ఎత్తు 1.0, వెడల్పు 140, గంట ఆకారం అనుకుంటే 150 దాకా. మోటు లెక్కే, పాతిక ముప్పై శాతం అటూ ఇటూ అవుతుంది. అయినా వెండి దాదాపు అంతా లోహంగా మారిందనే చెబుతోంది. ఇంకా వేడి చేసి లాభం లేదు, నష్టమే.

దీంట్లోనే ఇంకో చిక్కు దాగి ఉంది. ఈసారి ఫిల్మ్ బాగా కుదిరితే పీక్ 3 దాటుతుంది. చాలా స్పెక్ట్రోమీటర్లలో దారితప్పిన కాంతి వల్ల అంత పైన అంకెలు నమ్మదగ్గవి కావు. పీక్ తల నరికినట్టు చదునుగా వస్తుంది, మళ్లీ వెడల్పుగా ఉందని దిగులు పడతారు. బ్లేడు ఎడం 100 మైక్రాన్లకు తగ్గించండి. రెండు మైక్రాన్ల ఫిల్మ్ వస్తుంది, అబ్జార్బెన్స్ 0.9 దగ్గర. దాన్ని ఒలవడం కష్టం, గాజు మీదే ఉంచేయండి. గాజు, పీవీఏ గుణకాలు రెండూ 1.52 దగ్గరే కాబట్టి అలలు కూడా రావు.

550 కావాలంటే వెండి గోళాలు తప్పు ఎంపిక. దారులు: పీవీఏలో బంగారం, 530 దగ్గర వస్తుంది. కాకపోతే బంగారానికి 520 కింద పట్టీల మధ్య శోషణ (ఎలక్ట్రాన్లు ఒక శక్తి పట్టీ నుంచి ఇంకోదానికి ఎగరడం) ఉంది, నీలం వైపు లోయ లోతుగా ఉండదు. లేదా వెండినే 2.4 గుణకం ఉన్న టైటానియం డయాక్సైడ్‌లో పెడితే లెక్క ప్రకారం 525–530. లేదా గోళాలు మానేసి కడ్డీలు, త్రికోణపు పలకలు. వాటికి వేడి పడదు, మూలలు గుండ్రమై పీక్ వెనక్కి నీలం వైపు జారుతుంది. అందుకని ముందే తయారుచేసి చల్లటి పీవీఏలో కలపాలి.

పటికబెల్లం:

చిన్న అభ్యంతరం. చల్లబడతాయి అన్నారు, ఎలక్ట్రాన్లు చల్లబడవండీ, కలిసికట్టుగా ఊగే లయ తప్పుతుంది. మిగతా లెక్కతో ఏకీభవిస్తాను. రెండు మైక్రాన్ల పూతకు ద్రావణం బుడగలు లేకుండా ఉండాలి, లాగే ముందు గంటసేపు కదపకుండా చీకట్లో నిలవ ఉంచండి.

ఎప్సిలాన్:

నిజమే, మాట జారింది. లయ తప్పడమే సరైన మాట.

ప్రోగ్రామ్ రాసేవాళ్లకు రెండు హెచ్చరికలు. జాన్సన్, క్రిస్టీ పట్టికలో అంకెలు 0.12 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడంతో ఉంటాయి. వక్రీభవన గుణకాన్నీ శోషణ గుణకాన్నీ విడివిడిగా శక్తి అక్షం మీద ఇంటర్‌పొలేట్ చేసి, తర్వాత ఎప్సిలాన్ కట్టండి. రెండోది, మిల్లీమీటరు మందం గాజు స్లైడ్‌ను కూడా వ్యతికరణం చెందే పొరగా పొరల లెక్కకట్టే మ్యాట్రిక్స్‌లో పెట్టేస్తే, 0.1 నానోమీటరు కంటే దగ్గర దగ్గరగా వెర్రి అలలు వస్తాయి. స్లైడ్‌కు తీవ్రతలు మాత్రమే కలపాలి, దశ కాదు. ఎఫ్ పదో వంతు దాటితే మాక్స్‌వెల్ గార్నెట్ మీద భారం వేయొద్దు. ఇంకో మిశ్రమ సూత్రం బ్రగ్గెమన్‌కు మారితే అనునాదపు పీకే చెదిరిపోతుంది, కాబట్టి పలుచన ఫిల్ములకు అది మందు కాదు.

సగంఅద్దం:

మరో విషయం, ఎవరూ అడగలేదు గానీ ఈ దారిలో వెళ్లేవాళ్లు తప్పకుండా పడే గుంట. ఈ స్పెక్ట్రమ్ నుంచే టాక్ గ్రాఫ్ (శోషణ అంచు నుంచి బ్యాండ్ గ్యాప్ కట్టే గీత) గీసి, పీవీఏ బ్యాండ్ గ్యాప్ వెండి వల్ల తగ్గిందని రాస్తారు. 400 దగ్గరి అంచు ప్లాస్మాన్ (వెండి ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా ఊగడం) పీక్ భుజం. దాని మీద స్కేలు పెట్టి గీసిన గీత అక్షాన్ని ఎక్కడ తాకినా అది గ్యాప్ కాదు. వెండిలో పట్టీల మధ్య శోషణ కూడా 320 నానోమీటర్ల కింద మాత్రమే మొదలవుతుంది.

లేతపసుపు:

చల్లటి ద్రావణంతో, చుక్కచుక్కగా కలిపి, 100 ఎడంతో గాజు మీద వేశాం. 110 డిగ్రీల దగ్గర మూడు విడతలు, మొత్తం గంట. పీక్ 416, ఎత్తు 0.62, వెడల్పు 58, 800 దగ్గర 0.04. తెల్ల కాగితం మీద నిమ్మ పసుపు, నల్ల కాగితం మీద దాదాపు కనిపించట్లేదు. నాలుగో విడత వేడి చేయాలా?

ఎప్సిలాన్:

బేస్‌లైన్ 0.04 తీసేస్తే 0.58, 58 వెడల్పుకు వైశాల్యం 36. రెండు మైక్రాన్లకు రావలసింది 37 దగ్గర. వెండి అయిపోయింది, ఆపేయండి.

పటికబెల్లం:

ఆపేసి, మూత బిగించిన డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. పీవీఏకు తేమ తగిలితే మెత్తబడి కణాలు మళ్లీ కదులుతాయి. రబ్బరు బ్యాండ్లు, రబ్బరు మూతలు ఆ డబ్బాలో పెట్టకండి, వాటి గంధకం వెండిని సల్ఫైడ్ చేస్తుంది. పీక్ తగ్గుతూ ఎరుపు వైపు జరగడం మొదలైతే ముందు డబ్బా వెతకండి, తర్వాతే ఫిల్మ్‌ను అనుమానించండి.